ఆరు ప్యాకెట్ల తీర్పు

సబ్బుపొడి ఫ్యాక్టరీలో తూకాల గదికి ఒకే కిటికీ, ఒకే బల్ల, ఒకే మనిషి. ఆ మనిషిని అందరూ పాయింటక్కయ్య అనేవారు. ఇరవై రెండేళ్ళుగా ఆమె నోట ఎక్కువగా వినబడిన మాట "ఒకటి పాయింట్ తొంభయ్యారు" కావడమే దానికి కారణం. గోడలకు చెవులుంటాయంటారు గానీ ఆ గదిలో గోడకు నోరు కూడా ఉండేది. దాని మీద 1.96 అని జానెడేసి ఎర్ర అంకెలు రాసి ఉండేవి. రాయించింది ఎప్పటి మేనేజరో. ఆయన పోయాడు, అంకె మిగిలింది.

పని చెప్పుకోవడానికి సులువే. నెలకోసారి ఒక్కో మిషను నుంచి ఆరు ప్యాకెట్లు తెచ్చి తూచాలి. ఒక్కోటి అయిదు వందల గ్రాములుండాలి. ఎక్కువైతే కంపెనీకి ఏడుపు, తక్కువైతే కొన్నవాళ్ళ తిట్లు, కాబట్టి ఎటు తప్పినా తప్పే. ఆరింటి సగటు ఎంత పక్కకు పోయిందో చూసి, వాటి మధ్య ఉన్న హెచ్చుతగ్గులను బట్టి దానికో మార్కు వెయ్యాలి. మార్కు 1.96 దాటిందా, మిషను తప్పు పోస్తున్నట్టు. మిషనును ఉద్యోగంలోంచి తియ్యలేరు గనక ఆపరేటరును తీసేవారు. న్యాయమంటే అలా ఉండాలి మరి!

అక్కయ్య ఈ లెక్కలే కాలేజీలో చదివి వచ్చింది. చేరిన రోజునే అప్పటి మేనేజరుతో అంది కూడా, "సార్, ఈ అంకె వందల ప్యాకెట్లు తూచినప్పుడు పనికొచ్చేది. ఆరింటికి వేరే పరీక్ష ఉంది, దానికి వేరే పట్టిక ఉంది" అని. ఆయన నవ్వి, "పట్టికలు చూస్తూ కూర్చుంటే పొడి ఎవరు అమ్ముతారమ్మా? గోడ మీదున్నది చదువు చాలు" అన్నాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మూసుకుంటే ఇంకా మంచిదవుతుందని ఆమెకు ఆ రోజే తెలిసొచ్చింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని పుస్తకాన్ని ఇంట్లో బీరువా అడుగున పడేసి, గోడ చెప్పింది చదువుతూ జీతం తెచ్చుకుంది. చెడ్డ మనిషేం కాదు. ఎవరినైనా తీసేసినప్పుడు ఆ పూట అన్నం సరిగ్గా తినేది కూడా కాదు.

ఈ నెల మూడో నంబరు మిషను వంతు వచ్చింది. దాని ఆపరేటరు ఆమె చెల్లెలి మొగుడు. ప్యాకెట్లు తూగాయి: 490, 501, 498, 493, 493, 501. సగటు 496. మార్కు 2.11.

సాయంత్రం ఇంటికి చేరేసరికి చెల్లెలు గుమ్మంలోనే ఉంది. ఇద్దరివీ ఒకే మేడలో కింది వాటా, పై వాటా.

"అక్కా, ఆయన్ని తీసేస్తారటగా? లెక్క వేసేది నువ్వేగా?"

"లెక్క నాది కాదే, గోడది."

"గోడతో నువ్వు మాట్లాడతావా, నన్ను మాట్లాడమంటావా? ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఎక్కడికి పోవాలే మేము?"

తనదాకా వస్తే గానీ తెలీదంటారు. అక్కయ్యకు తెలియక కాదు, తెలిసినదే ఆ పూట గుర్తొచ్చింది. బీరువా అడుగు నుంచి పుస్తకం తీసి దుమ్ము దులిపింది. ఆరింటికి దాటకూడని గీత ఎక్కడుందో చూస్తే 2.57. మరిది మార్కు దానికి బాగా ఇవతలే ఉంది. ఎంత హాయిగా నిద్రపట్టిందో!

మర్నాడు ఆ పుస్తకం మేనేజరు బల్ల మీద పెట్టింది.

"ఏమ్మా, మరిది మిషను అనేసరికి గీత జరిగిందా?" అన్నాడాయన.

"గీత ముందు నుంచీ అక్కడే ఉంది సార్."

"అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుంది. నీకు ఆరు మెతుకులు చాలవా?"

"అంతా ఒకేలా ఉడికితే ఒకటే చాలు. ఇక్కడ ఒకటి పలుకు, ఒకటి ముద్ద. అసలు హెచ్చుతగ్గులు ఎంతో మనకు తెలీదు. ఈ ఆరింటిని చూసే ఊహించాం. ఆ ఊహ మీద ఇంకో ఊహ నిలబెట్టాం. అలాంటప్పుడు తప్పు అనడానికి గీత ఇంకా పైకి ఉండాలి సార్. అందుకే ఈ పట్టిక."

"అంటే మిషను బాగుందంటావు."

"అనను. చెడిందని చెప్పడానికి ఇది చాలదంటున్నా. కావాలంటే ఇంకో నలభై ప్యాకెట్లు ఇప్పించండి, తూస్తాను."

నలభై ప్యాకెట్లు చింపడమంటే మేనేజరుకు ప్రాణం పోయినంత పని. హెడ్డాఫీసులో లెక్కలు తెలిసిన ఒకాయనకు ఫోను చేశాడు. ఆయన నిమిషంలో తేల్చాడు: ఆవిడ చెప్పిందే కరెక్టు, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు మీరు? మేనేజరు ఫోను పెట్టేసి, ఈ సంస్కరణ తనకే తోచినట్టు నోటీసు రాయించాడు. మధ్యాహ్నానికల్లా పెయింటరు వచ్చి గోడకు సున్నం కొట్టాడు. మరిది ఉద్యోగం నిలబడింది. పాయింటక్కయ్య అంత ధైర్యస్థురాలు లేదని క్యాంటీనులో అందరూ ఒకటే పొగడ్త. ఆమె కూడా కొంచెం నమ్మింది.

సున్నం ఇంకా తడిగా ఉండగానే గేటు దగ్గరి వాచ్‌మన్ తూకాల గదికి వచ్చాడు. ఏడేళ్ళ కిందట అతను రెండో మిషను ఆపరేటరు. మార్కు దాటిందని తీసేస్తే, మూడు నెలలు తిరిగి తిరిగి, కాళ్ళావేళ్ళా పడి ఈ గేటు సంపాదించుకున్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అమ్మా, కొత్త నంబరు ఎంతటా?"

"రెండు పాయింట్ యాభయ్యేడు."

"అప్పుడు నాది రెండు పాయింట్ ముప్ఫయి. మీరే చదివి చెప్పారు. తూచింది ఆరు ప్యాకెట్లే." అతను వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. "అయితే ఈ కొత్త లెక్క ప్రకారం నేను ఇవతలే ఉన్నానన్నమాట."

"ఇవతలే."

"పోన్లెండి. అప్పటికి ఈ లెక్క ఇంకా కనిపెట్టి ఉండరు."

ఊఁ అంటే సరిపోయేది. ఊఁ అందామనే నోరు తెరిచింది. కానీ అతని ముఖంలో కోపమన్నది మచ్చుకైనా లేదు, అదే ఆమెను చంపేసింది.

"అప్పుడూ ఉంది. నాకు తెలుసు కూడా."

అతను టోపీని అటూ ఇటూ తిప్పాడు. "మరి అప్పుడెందుకు చెప్పలేదమ్మా?"

ఎంత వెతికినా ఆమెకు రెండో జవాబు దొరకలేదు.

"నువ్వు నా మరిదివి కావు కదయ్యా" అంది.