ఎవరైనా దిగితేనే

టైలరమ్మకు ఒళ్ళు మండించే మాట ఒకటుంది: పోనీలే. ఆమె మొగుడి నోట్లో అది రోజంతా నానుతూనే ఉంటుంది. మనిషి మంచివాడే. స్కూలు బస్సు నడుపుతాడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. అందుకే ఇంటి గొడవలన్నీ ఆమె నెత్తిన పడ్డాయి.

ఆమె ఏళ్ళ తరబడి నడుం పడిపోయేలా బట్టలు కుట్టి కట్టుకున్న ఇల్లు అది. కింద తాముంటారు, పైన చిన్న పోర్షను. స్లాబు కారుతోందని పైన అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసిపోయారు. బాగుచేయిద్దామంటే బ్యాంకువాళ్ళు పాత ఇంటి మీద లోను ఇవ్వం పొమ్మన్నారు. ఫైనాన్సు కంపెనీ మాత్రం రారమ్మని పిలిచింది. ఆరు నెలల అప్పు, ఇల్లు తాకట్టు. సగం ముందు, మిగతా సగం పని నడుస్తుండగా. కొత్తగా దిగేవాళ్ళ అడ్వాన్సుకు తాను దాచుకున్న నాలుగు రాళ్ళు కలిపి, మిగతాది చేబదులు తెచ్చి తీర్చేద్దామనుకుంది. తీర్చలేకపోతే ఇల్లు వాళ్ళది.

మొదటి సగం స్లాబుకూ పైపులకూ అయిపోయింది. పాత కిటికీలు పీకేసిన చోట కన్నాలు మిగిలాయి. డబ్బిస్తే గానీ రానని మేస్త్రి వెళ్ళిపోయాడు. రెండో సగం అడిగితే కంపెనీ ఆఫీసరు వచ్చి, ఫోటోలు తీసుకుని, నవ్వుతూ చెప్పాడు.

“పైన ఎవరైనా దిగితేనే రెండో విడత వస్తుందమ్మా. రూల్సు మారాయి.”

“కిటికీల్లేని ఇంట్లో ఎవరు దిగుతారు బాబూ? పావురాలా?”

అతను దానికీ నవ్వాడు. ఇదెక్కడి న్యాయం! డబ్బు రాకపోతే ఇల్లు పూర్తికాదు, ఇల్లు పూర్తికాకపోతే మనిషి దిగడు, మనిషి దిగకపోతే డబ్బు రాదు. రూల్సు మార్చినవాళ్ళు గడువు మార్చరేం? అదడిగితే పైవాళ్ళ చేతుల్లో ఉందట. ఆ పైవాళ్ళు ఏ మేడ మీదుంటారో ఎవరూ చెప్పరు.

రాత్రి అన్నం దగ్గర చెబితే మొగుడు పోనీలే అన్నాడు. ఆమెకు తిక్క రేగింది.

“పోయేది ఇల్లయ్యా! పోనీలే అంటావేం?”

ఆయన తలొంచుకుని అన్నం కలుపుకున్నాడు.

మర్నాడు ఆమె గేటుకు టులెట్ బోర్డు తగిలించింది, తామున్న కింది ఇంటికి. మనిషి దిగడానికి వీలున్నది అదొక్కటే మరి. వారం తిరక్కుండా ఒక నర్సు కుటుంబం దిగింది. మంచం, మిషను, గిన్నెలు పైకెక్కాయి. కిటికీ కన్నాలకు పాత దుప్పట్లు కట్టి, వానొస్తే వాటిని పిండుకుంటూ కాపురం చేశారు. కింది అడ్వాన్సుతో కిటికీలొచ్చాయి, తలుపులొచ్చాయి, రంగులు పడ్డాయి. పైన మేమే దిగాం, రెండో విడత పంపమని ఫోను చేస్తే, ఓనరు దిగితే దిగినట్టు కాదన్నాడు ఆఫీసరు. ఓనర్లు మనుషులు కారా అని నాలుగు దులిపి ఆమె ఫోను పెట్టేసింది.

గడువు ముంచుకొచ్చింది. తీసుకున్న మొదటి సగం వడ్డీతో సహా కట్టాలి. కింది అడ్వాన్సు పనికే ఖర్చయిపోయింది. ఇక గత్యంతరం లేక పై పోర్షను కూడా అద్దెకిచ్చి, ఆ అడ్వాన్సుకు దాచుకున్నదంతా ఊడ్చి కలిపి, చెల్లెలి దగ్గర చేబదులు తెచ్చి అప్పు తీర్చింది. ఇల్లు దక్కింది. మొగుడూ పెళ్ళాం మాత్రం మెట్ల కిందున్న మోటారు గదిలోకి మారారు.

తాకట్టు కాగితాలు తిరిగివ్వడానికి ఆఫీసరే వచ్చాడు. చెప్పిన టైముకు కట్టారు కాబట్టి ఇంకో అంతస్తు వేసుకుంటే ఈసారి పెద్ద లోను ఇస్తామన్నాడు.

“లోపలికి రా బాబూ, కూర్చుని మాట్లాడదాం,” అంది టైలరమ్మ.

అతను నడుం వంచి తొంగిచూశాడు. మిషను, మోటారు, మంచం, మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని ఆమె మొగుడు. కాలు పెట్టే చోటు లేదు. అతను గుమ్మంలోనే ఆగిపోయాడు.

“రెండు పోర్షన్ల ఓనరమ్మని,” అంది ఆమె, అతని చేతిలోంచి కాగితాలు లాక్కుంటూ. “మాకు ఎక్కడైనా ఓ గది అద్దెకు దొరుకుతుందేమో కనుక్కుని చెప్పు.”