మా గోల్‌కీపర్‌కి దిష్టి తీశాను

మొన్న శనివారం మధ్యాహ్నం మా ఊరి ఐస్ రింక్‌లో, ఫస్ట్ ఎయిడ్ గదిలో, బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాను. నెత్తిన ఐస్ సంచి, కాళ్ళ కింద రెండు దిండ్లు. నర్సొకావిడ నా చెయ్యి పట్టుకుని "నీ పేరేమిటి, ఇవాళ ఏ వారం" అని అడుగుతోంది. నాకు దెబ్బేమీ తగల్లేదు. దెబ్బ తగిలింది మా టీమ్‌కి. కొట్టింది నేను.

మొదట్నించీ చెబితే గాని మీకు నా మీద జాలి కలగదు. చెప్పినా కలుగుతుందన్న ఆశ పెద్దగా లేదు.

మేముండేది న్యూయార్క్ స్టేట్‌లో, కెనడా సరిహద్దుకి గంట దూరంలో. తెలుగువాళ్ళం మూడు కుటుంబాలం. మా ఆయన బేరింగులు చేసే ఫ్యాక్టరీలో ఇంజినీరు. ఈ ఊరికున్న ఒకే ఒక్క వైభవం ఐస్ హాకీ టీమ్. పెద్ద లీగ్ కాదు, దానికి ఒక మెట్టు కింద. అయినా జీతాలిచ్చి ఆడించే టీమే. పేరు ఔల్స్. చొక్కా మీద ఇంతింత కళ్ళేసుకుని గుడ్లగూబ బొమ్మ. ఇంటి మీద వాలితే మనం శాంతి చేయించుకునే పక్షిని వీళ్ళు గుండెల మీద కుట్టించుకు తిరుగుతారు. నాకు అక్కడే అర్థం కావలసింది.

కిందటి అక్టోబర్‌లో మా ఆయన బాస్ ఫ్లోరిడా వెళ్ళిపోతూ తన రెండు సీజన్ టికెట్లు మాకిచ్చి పోయాడు. బుద్ధున్నవాళ్ళెవరైనా ఈ చలిలో పోయి ఐస్ పక్కన కూర్చుంటారా అన్నాను.

"ఊరికే వచ్చాయి కదా, రాజ్యం" అన్నారాయన.

ఊరికే వచ్చిందంటే మా ఆయన పంటినొప్పిని కూడా ఇంటికి తెచ్చుకుంటారు. వెళ్ళాం.

మొదటి ఆటలో నాకేమీ కనపడలేదు. కర్రలు పట్టుకున్న పన్నెండు మంది ఒకళ్ళనొకళ్ళు గోడకేసి గుద్దుకుంటున్నారు. మధ్యలో పక్ అని ఒక నల్ల రబ్బరు బిళ్ళ ఉంటుందట. జనం ఎప్పుడు లేచి అరిస్తే అప్పుడది గోల్లోకి పోయిందనుకోవాలి. నాకు తెలియని సంగతి నా కళ్ళముందు జరుగుతుంటే నాకు కూర్చోబుద్ధి కాదు. నేను కాలేజీ గడప తొక్కినదాన్ని కాదు. ఎస్సెల్సీ కాగానే పెళ్ళి చేశారు. అప్పట్నించీ దొరికిందల్లా చదివాను, పొట్లాలు కట్టిన కాగితాలతో సహా. మర్నాడే లైబ్రరీకి పోయి హాకీ పుస్తకాలు మూడు తెచ్చి, పోపులపెట్టె పక్కన పెట్టుకుని వారంలో పూర్తిచేశాను.

మా పక్క సీటు డొరోతీది. డెబ్భై దాటిన మనిషి, స్కూల్ బస్సు నడిపి రిటైరైంది. ఆట చూస్తూ స్వెటర్ అల్లుతుంది. ఇరవై ఏళ్ళుగా అదే సీటు. నవంబర్ వచ్చేసరికి నేను ఆవిడకే రూల్స్ చెప్పడం మొదలెట్టాను.

"రెండు నిమిషాల పెనాల్టీ అయితే అవతలివాళ్ళు ఒక గోల్ కొట్టగానే మనవాడు బయటికి రావచ్చు. ఐదు నిమిషాలదైతే ఎన్ని గోల్స్ కొట్టినా రాకూడదు. కర్ర ఎత్తి ఎవడికైనా రక్తం వచ్చేలా కొడితే ఐదు నిమిషాలు."

"రాజ్, డియర్, నువ్వు పుట్టకముందు నించీ నేను ఈ ఆట చూస్తున్నాను."

"చూడటం వేరు, చదవటం వేరు."

ఆవిడ మంచిది కాబట్టి నవ్వి ఊరుకుంది. నేను రిఫరీని తెలుగులో తిట్టేదాన్ని. వాడికి అర్థం కాదు, నాకు తృప్తి. డొరోతీ ముచ్చటపడి అందులో ఒక ముక్క నేర్చుకుంది, "కళ్ళు లేవా?" అని. ఆవిడ నోట్లో అది "కల్లూ లేవా" అయ్యేది గాని, కోపంలో లోటుండేది కాదు.

క్రిస్మస్ దాకా మా ఔల్స్ అందరి చేతుల్లోనూ ఓడారు. జనవరిలో క్యూబెక్ నించి కొత్త గోల్‌కీపర్ వచ్చాడు. లూక్ అని, ఇరవై రెండేళ్ళుంటాయి. మాస్క్ తీస్తే చెవులు తప్ప ఏమీ ఉండవు, అంత బక్కవాడు. కాని పక్ వాణ్ణి దాటి పోదు. గెలవడం మొదలైంది. ఊరు ఊరంతా వాడి భజన. బ్యాంకులో వాడి ఫోటో, బేకరీలో వాడి మొహంతో కేక్, పేపర్లో రోజూ వాడే. నేను కూడా పేపర్ ముక్కలు కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించాను. మా ఆయన ఫోటో ఫ్రిజ్ మీద ఎన్నడూ లేదు. ఆయన ఆ సంగతి రెండుసార్లు గుర్తుచేశారు కూడా.

మార్చిలో వాడికేదో అయింది. చంటిపిల్లలు ఆపగలిగే గోల్స్ వదిలేశాడు. వరసగా నాలుగు ఆటలు పోయాయి.

ఇక్కడ మా డాక్టరుగారి భార్య అన్నపూర్ణ గురించి చెప్పాలి. అన్నపూర్ణకి అన్నీ నమ్మకాలే. కిందటేడు కొత్త కారు కొని నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టింది. నేను వెళ్ళి వాటిని ఏరుకుని, "ఇవి పులిహోరకి పనికొస్తాయి, కార్లకి పనికిరావు" అని, ఆ పైన వాళ్ళ డ్రైవ్‌వేలోనే నిలబడి మూఢనమ్మకాల మీద అరగంట ఉపన్యాసం ఇచ్చాను. పులిహోర చేసి వాళ్ళింటికే పంపాను. అంత గుణవంతురాలిని.

ఆ అన్నపూర్ణ ఫోన్లో, "ఊరందరి కళ్ళూ ఆ అబ్బాయి మీదే కదా వదినగారూ. దిష్టి. మీరు నమ్మరనుకోండి" అంది.

"నమ్మను" అన్నాను.

శనివారం సీజన్‌లో ఆఖరి ఆట. గెలిస్తే నాలుగో స్థానం, ప్లేఆఫ్స్. ఓడితే ఎవరింటికి వాళ్ళు. ఈ ఊరు ప్లేఆఫ్స్ చూసి పదకొండేళ్ళయింది. అప్పుడు డొరోతీ పక్కన వాళ్ళాయన ఉన్నాడట. ఆ మరుసటేడే పోయాడు. "ఆయన కూర్చున్నది నువ్వు కూర్చున్న సీట్లోనే, రాజ్. ఇంకొక్కసారి చూసి పోతే చాలు నాకు" అంది ఆవిడ, అల్లిక మీంచి తల ఎత్తకుండా. ఆవిడ ఎప్పుడూ అట్లాంటి మాటలు మాట్లాడే మనిషి కాదు. నాకు రెండ్రోజులు అన్నం సయించలేదు.

శుక్రవారం అన్నపూర్ణకి నేనే ఫోన్ చేశాను.

"ఏం లేదు, మన ఆచారాల మీద ఒక పుస్తకం చదువుతున్నాను. దిష్టి తీసేటప్పుడు నిమ్మకాయ ఎటు తిప్పుతారు?"

"ఎవరికి వదినగారూ?"

"ఎవరికీ కాదు. జ్ఞానం కోసం."

"గోల్‌కీపర్ అబ్బాయికా?"

ఆ ఒక్క ప్రశ్నతో ఆ నాలుగు నిమ్మకాయలకీ బదులు తీరిపోయింది.

"మూడుసార్లు ఇటు, మూడుసార్లు అటు. కోసి కుంకుమ అద్ది, ఎవరూ తొక్కని చోట పారెయ్యాలి. తొక్కినవాళ్ళకి చుట్టుకుంటుంది, అదొక్కటే జాగ్రత్త. అంత దూరం పోలేకపోతే ఫోటోకి తీసినా సరే."

"ఫోటోకి తీస్తే ఫోటోకే పోతుంది" అన్నాను. చేసే పని తప్పయినా శాస్త్రీయంగా చెయ్యాలి.

ఇండియా నించి తెచ్చుకున్న కుంకుమ భరిణెలో సగం ఆ నిమ్మకాయకే పట్టించాను. అద్దమంది గాని ఎంతో చెప్పలేదు. రెండు చెక్కల మధ్యా బాగా దట్టించి, చేతి రుమాల్లో చుట్టి, పర్సులో పెట్టుకున్నాను. మా ఆయనకి చెప్పలేదు. చెబితే ఆయన నవ్వరు. నవ్వకుండా నా వైపు చూస్తారు, అది ఇంకా కష్టం.

హాకీ మూడు భాగాలు. మొదటి భాగంలోనూ ఆఖరి భాగంలోనూ లూక్ మా వైపు గోల్లోనే ఉంటాడు. మావి ముందు వరస సీట్లు. ఐస్ చుట్టూ అద్దం గోడ ఉంటుంది గాని, అది పాత రింక్, మా మూలకి వచ్చేసరికి అద్దం నా భుజాల దాకానే. మొదటి భాగంలో మా ఆయన కదల్లేదు. ఆఖరి భాగంలో ఇంకా ఏడు నిమిషాలుందనగా, మూడు రెండుతో మేమే ముందున్నాం.

"ఏమండీ, కాఫీ."

"ఇప్పుడా?"

"గొంతు ఎండిపోతోంది."

"అక్టోబర్ నించి అరుస్తున్న గొంతు ఇవాళే ఎండిందా" అని గొణుక్కుంటూ వెళ్ళారు.

రుమాలు విప్పాను. రసం ఊరి కుంకుమంతా ముద్దయిపోయింది. నా అరచెయ్యి ఎర్రగా పండింది. లేచి నిలబడి, లూక్ వీపు వైపు గురిచూసి, చెయ్యి అద్దం మీదుగా ఎత్తి తిప్పడం మొదలెట్టాను. ఇటు మూడుసార్లు. డొరోతీ అదేదో కొత్త రకం చప్పట్లనుకుని తన అల్లికసూది కూడా నాతో పాటు తిప్పింది. అటు ఒకటి. అటు రెండు. అంతలో అవతల గోల్ దగ్గర మావాడు కొట్టిన పక్ ఇనప కడ్డీకి తగిలి టంగుమంది. రింకంతా లేచింది. డొరోతీ మోచెయ్యి నా చేతికి తగిలింది. నిమ్మకాయ అద్దం మీంచి అవతలికి పోయింది.

ఐస్ మీద పడి రెండు చెక్కలూ విడిపోయాయి. ఎవరిదో స్కేట్ ఒకదాని మీంచి పోయింది. తెల్లటి ఐస్ మీద ఎర్రటి బురద. రెండో చెక్క నెమ్మదిగా, తనకేమీ పట్టనట్టు, గోల్ వైపు జారిపోయింది.

సరిగ్గా అప్పుడే పక్ మా మూలకి వచ్చింది. దాని వెనక అవతలి టీమ్‌లోకెల్లా లావుపాటివాడు, వాడి వెనక మావాడు. మావాడి కర్ర కాస్త లేచి వాడి భుజానికి తగిలింది. అంతే, తగిలింది. ఆ లావుపాటాయన నరికిన చెట్టులా పడి, చెంప తీసుకెళ్ళి నా కుంకుమలో పెట్టాడు. లేచేసరికి సగం మొహం ఎరుపు.

రిఫరీ ఆ మొహం చూశాడు, ఐస్ చూశాడు, చెయ్యెత్తాడు. కర్ర ఎత్తి రక్తం కళ్ళజూసినందుకు ఐదు నిమిషాలు. మావాడు "నేను కొట్టలేదు" అని మొత్తుకుంటూ పెనాల్టీ బాక్సులోకి పోయాడు.

జనం రిఫరీని నానా మాటలూ అంటున్నారు. డొరోతీ సీటు మీదికెక్కి "కల్లూ లేవా" అని అరుస్తోంది. సీజన్ మొత్తంలో మొదటిసారి వాడి కళ్ళలో తప్పులేదని నాకొక్కదానికే తెలుసు.

"చెప్పు రాజ్. రూల్ బుక్ అంతా చదివావుగా, చెప్పు వాడికి" అంది డొరోతీ.

చెప్పాలనే వెళ్ళాను. నిజం. అద్దం మీద రెండు చేతులతో బాది "అది రక్తం కాదు, కుంకుమ" అని ఇంగ్లీషులో చెప్పాను. అద్దం మీద ఎర్రటి పంజాలు పడ్డాయి. రిఫరీ తిరిగి చూశాడు. అర్థం కాలేదేమోనని, "ఇదిగో, ఇది, మేము పెట్టుకునేది" అని అదే చేత్తో నా నుదుటి బొట్టు చూపించాను. చూపించడంలో బొట్టు నుదురంతా అయింది.

టికెట్లు చూసే అతను నా మొహం ఒక్కసారి చూసి, "ఈవిడకి పక్ తగిలింది" అని కేక పెట్టాడు. ఇద్దరొచ్చి చెరో రెక్కా పట్టుకున్నారు. నాకేం కాలేదన్నాను. "అలాగే అనిపిస్తుంది డియర్, షాక్ అది" అన్నారు. తప్పు నాదేనన్నాను. "అయ్యో పాపం" అన్నారు. నోటికి హద్దుల్లేవని పుట్టింటివాళ్ళూ అత్తింటివాళ్ళూ ఒప్పుకున్న మనిషిని, ఇంత నిజం ఇన్ని మాటల్లో ఎప్పుడూ చెప్పలేదు. ఒక్కరూ నమ్మలేదు.

నర్సు నా నుదురు తుడిచి దెబ్బ కోసం పావుగంట వెతికింది. గోడకవతల జనం రెండుసార్లు ఒక్కపెట్టున ఉసూరుమనడం వినపడింది. మావాళ్ళ గోల్ అయితే ఆ చప్పుడు రాదు. ఐదు నిమిషాల పెనాల్టీలో రెండు గోల్స్. నాలుగు మూడు. సీజన్ అయిపోయింది.

మా ఆయన రెండు చల్లారిన కాఫీలతో వచ్చారు. నా చేతి వంక చూశారు, రుమాలు వాసన చూశారు. కారు తెస్తానని వెళ్ళారు. ఆయన వెనకే వచ్చిన డొరోతీ తలుపు వేసి, నా చెవి దగ్గరికి వంగింది.

"ఆ పండు నా మోచెయ్యి తగిలే పోయింది కదూ?"

"తిప్పింది నేను కదా."

"నోరు మూసుకో. ఇద్దరం ఈ ఊళ్ళోనే బతకాలి." తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది. "పదకొండేళ్ళు ఆగాను, పన్నెండోది ఎంతసేపు? అక్టోబర్‌లో వస్తావుగా?"

వస్తానన్నాను. మా ఆయన తెచ్చిన చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగేశాను.

అంతలో లూక్ వచ్చాడు, చెమటతో, ఒక పక్క కుంటుతూ. దెబ్బతగిలిన అభిమానిని పలకరించమని పంపారట. తన కర్ర మీద సంతకం చేసి, త్వరగా కోలుకోవాలని రాసి, నా చేతిలో పెట్టాడు. తీసుకున్నాను. ఏం చెయ్యను?

"కాలికేమైంది నాయనా?" అన్నాను.

"రెండో గోల్ అప్పుడు జారాను మేడమ్. ఐస్ మీద నిమ్మకాయ ఉంది. ఎవరు వేస్తారు నిమ్మకాయలు?"

డొరోతీ అల్లిక బయటికి తీసింది.

ఇంటికి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. అన్నపూర్ణ. రేడియోలో విన్నదట. "తీశారా వదినగారూ?"

"తీశాను."

"మరి ఓడారేం? ఎవరైనా తొక్కారా?"

"తొక్కారు."

"అయ్యో. ఎవరు?"

"ఎవరికి తీశానో వాడే."

నవ్వు నాకు వినపడకుండా అప్పుడు రిసీవర్ మీద చెయ్యి పెట్టుకుందని తర్వాత ఒప్పుకుంది. ఆదివారం పొద్దున్నే వాళ్ళాయన చేత ఒక గిన్నె పంపింది. మూత తీశాను. నిమ్మకాయ పులిహోర. పైన ఒక చీటీ: "వదినగారూ, నిమ్మకాయలు ఇందుకే పనికొస్తాయి."