సేవ్ లేని ఆటలు చేసినవాడి మీద నా కోపం

పాత పగలు తవ్వుకోవడం ఎందుకని ఇది రాయకుండానే వదిలేద్దామనుకున్నాను. కానీ నిన్న మా మేనల్లుడు వీడియో గేమ్ మధ్యలో లేచి అన్నానికి వెళ్లిపోయాడు. "ఓడిపోతవ్ రా!" అన్నాను. "అదే సేవ్ చేసుకుంటది మామా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

మన ఈడు వాళ్లకు గుర్తుందా, టీవీకి తగిలించే ఆ గేమ్ డబ్బా? పసుపు క్యాసెట్, వేడెక్కిన అడాప్టర్ వాసన? క్యాసెట్ మీద వందల ఆటలని రాసి, లోపల నాలుగింటినే తిప్పి తిప్పి పెట్టిన మోసాన్ని క్షమిస్తాను. సేవ్ పెట్టనివాణ్ని మాత్రం క్షమించను. కరెంటు పోతే మళ్లీ మొదటి స్టేజే! వాడు మా నాచారంలో కరెంటు కోతల ఎండాకాలం ఒక్కటి కూడా ఉండి ఉండడు.

ఒక ఆదివారం మొదటిసారి చివరి స్టేజీకి చేరాను. అంతలో మా ఇంట్లో ప్రార్థన కూటానికి పాస్టర్ గారు వచ్చేశారు. ఆట పాజ్ చేసి, టీవీ మాత్రం ఆపి, డబ్బా మీద తువ్వాలు కప్పాను. అందరూ కళ్లు మూసుకున్నారు. కరెంటు పోకూడదని నేనూ మనసారా ప్రార్థించాను.

"అయ్యగారికి చెమటలు వడుతున్నయ్, జర ఫ్యాన్ పెట్టరాదే" అని మా పెద్దమ్మ గుసగుసలాడింది.

"ప్లగ్గు ఖాళీ లేదక్కా" అంది అమ్మ.

"గా తువ్వాల కిందిది ఏందో, పీకెయ్."

కళ్లు తెరిచేసరికి అమ్మ చేతిలో నా అడాప్టర్ ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది.

ఆ రోజు కరెంటు ఒక్కసారి కూడా పోలేదు.