చెప్పులు దాటని చరిత్ర

నేను నెల్లూరులో ఫైర్‌మన్‌గా చేసి పోయినేడు రిటైరయినాను. మా ఫైర్‌మన్ల సంఘం వార్షికోత్సవం ఫైర్‌స్టేషన్ ఆవరణలోనే జరుగుతుంది. సంఘం చరిత్ర చెప్పేది ఎప్పుడూ నేనే. బూట్లు ఇవ్వని రోజుల్లో మా సీనియర్ ఒకాయన రబ్బరు చెప్పులతో గడ్డివాము ఆర్పబోతే, చెప్పులు కరిగి కాళ్ళకు అంటుకున్నాయి. సంఘం అక్కడ పుట్టింది. నా ఉపన్యాసం మాత్రం ఏ ఏడూ ఆ చెప్పులు దాటలేదు. ఈలోపల బెల్లు మోగేది, వినేవాళ్ళతో పాటు నేనూ బండెక్కేవాణ్ణి.

ఈ ఏడు మా ఆవిడను కూడా తీసుకుపోయినాను. చెప్పుల దగ్గరే బెల్లు మోగింది. వెంకటాచలం దగ్గర గోడౌన్ అంటుకుందట. డ్యూటీ లేనివాళ్ళు కూడా ఎక్కేసినారు. అలవాటుగా నేనూ కాలు పెట్టినాను.

"నువ్వు దిగన్నా," అన్నాడు డ్రైవరు, మర్యాదగానే.

షామియానా కింద ఖాళీ కుర్చీలు, మా ఆవిడ మిగిలినారు.

"ఆ తర్వాత ఏమైందో చెప్పండి," అంది.

మైకు చేతిలోనే ఉంది. ఎన్నడూ అవసరం పడలేదు కాబట్టి, ఆ తర్వాతది నేను తయారుచేసుకోనే లేదు. చెవులేమో రోడ్డు మీదున్నాయి.

ఆమె అన్నం పెట్టుకొచ్చింది. "తినండి. మీరు పస్తుంటే అక్కడ మంట ఆరదు. ఇన్నేళ్ళూ నేను పస్తుండి చూసినాను."

సాయంత్రానికి అందరూ మసి కొట్టుకుని, క్షేమంగా వచ్చినారు.

"చరిత్ర ఎందాకా వచ్చిందన్నా?" అని అడిగినాడు డ్రైవరు.

"ఈసారి చెప్పులు దాటింది," అన్నాను. "మిగతాది మీ వదిన చెప్పింది."