దుర్గిలో కళ్ళు తెరిచిన అధ్యక్షుడు

ఏడింటి రేడియో వార్తలు విని, బడికి సెలవు చీటీ పంపి, చొక్కా గుండీలు పెట్టుకుంటూనే నరసరావుపేట బస్టాండుకు పరుగెత్తాను. సోవియట్ మధ్య ఆసియాలో ఒక రిపబ్లిక్ అధ్యక్షుణ్ణి పదవి నుంచి తీసేశారట. పత్తి ఏరే కూలీల ఇంట్లో పుట్టి అంతవాడైన ఆ మనిషి మీద పుస్తకం రాసింది నేనే. ఆయన రాతిబొమ్మ శిల్పుల ఊరైన దుర్గిలో చెక్కిద్దామని మా సోవియట్ మైత్రీ సంఘాన్ని ఒప్పించిందీ నేనే. మర్నాడే మాస్కో అతిథుల ముందు ఆవిష్కరణ.

పది గంటలకు బొమ్మకు కళ్ళు తెరుస్తానని శిల్పి వీరాచారి కబురు పెట్టాడు. కళ్ళు చివర్న చెక్కుతారు. తెరిచాక ఆ మొహం మీద మళ్ళీ ఉలి పెట్టరు. ఆలోపు చేరితే రాయి ఇంకో బొమ్మకైనా పనికొస్తుంది.

ఏడున్నర మాచర్ల బస్సు దొరికింది. టికెట్టు ఎనిమిది రూపాయలు. పిడుగురాళ్ళలో టీకి కూడా దిగలేదు, బస్సు కదిలిపోతుందని భయం. మాటిమాటికీ గడియారం చూస్తుంటే పక్కసీటు రైతు సంగతి అడిగాడు. పండని పత్తిని పండినట్టు లెక్కలు చూపించాడని ఒక అధ్యక్షుణ్ణి దించేశారని చెప్పాను.

"మా కాడ పండిన పత్తికే దిక్కులేదు," అన్నాడాయన.

కారెంపూడి దాటాక టైరు పంక్చరైంది. ముప్పావుగంట రోడ్డు మీద అటూ ఇటూ తిరిగి డ్రైవరు చేత చీవాట్లు తిన్నాను.

దుర్గి చేరేసరికి పదిన్నర దాటింది. వీరాచారి చేతులు కడుక్కుంటున్నాడు. పందిట్లోంచి అధ్యక్షుడు నన్నే చూస్తున్నాడు. సంగతి చెప్పాను. వీరాచారి బొమ్మ మీద గోనెపట్టా కప్పాడు.

"తీసుకుపోకపోతే మానెయ్యండి మాస్టారూ. సాకు కోసం రాయి పగిలిందని మాత్రం ఎవురికీ చెప్పమాకండి. మా నాయన నాటినుంచీ మా చేతిలో రాయి పగల్లేదు. ఆ మాట పడితే ఇంక గుడి పని ఎవురూ ఇయ్యరు."

చెప్పనని చెయ్యి పట్టుకుని మాటిచ్చాను. వాళ్ళావిడ పెట్టిన మజ్జిగన్నం తిని ఒంటిగంట బస్సెక్కాను. దారంతా అతిథులకు ఏం చెప్పాలా అన్న బెంగే.

మూడున్నరకు బస్సు దిగేసరికి ఒకరోజు ముందే వచ్చేసిన అతిథులు, వాళ్ళ దుబాసీ, మా సంఘానికి పెద్ద అయిన మిల్లు యజమాని, నేను దుర్గి వెళ్ళానని విని బస్టాండులోనే ఎదురుచూస్తున్నారు. ఆ యజమాని అప్పట్లో శివాలయం కట్టిస్తున్నారు.

"బొమ్మ ఏదండీ?" అని దుబాసీ మంచి తెలుగులో అడిగాడు.

నేను ఏరికోరి నెత్తికెత్తుకున్న మనిషి పడిపోయాడని అంతమందిలో చెప్పే ధైర్యం లేకపోయింది.

"రాయి పగిలింది," అన్నాను.

శివాలయం విగ్రహాలు వేరే ఊళ్ళో చేయించారు. దుర్గికి నరసరావుపేట నుంచి బస్సులకు కొదవలేదు. వెళ్ళేవాళ్ళు నిశ్చింతగా వెళ్ళొచ్చు. నేను మాత్రం మళ్ళీ వెళ్ళలేదు.