మూడు టికెట్ల డబ్బుకి ఒక్క టికెట్టు

అందరూ ఆయన్ని పళ్ళాయన అనేవారు. పళ్ళ డాక్టరేం కాదు. డాక్టర్లు పంపిన అచ్చులు చూసి కట్టుడు పళ్ళు తయారుచేసే మనిషి. పాత భవనంలో వెనకవైపు గది, కిటికీకి ఎదురుగా బల్ల, బల్ల నిండా ప్లాస్టరుతో పోసిన తెల్లటి దవడలు, గదంతా కరిగిన మైనం వాసన. ముక్కూ మొహం తెలియనివాళ్ళ పళ్ళు మాత్రం ఆయనకి కంఠతా తెలుసు. "ఊళ్ళో సగంమంది నవ్వు నా చేతి చలవే" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. క్షణం ఊరుకునే నోరు కాదు అది.

వయసులో ఉన్నప్పుడు ఆయన డ్రమ్ములు వాయించేవాడు. ఇంకో ఇద్దరితో కలిసి చిన్న బ్యాండు నడిపాడు. అప్పట్లో గిటారు పట్టినవాడు ఇప్పుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పాడినావిడ స్కూలు బస్సు నడుపుతోంది. పిల్లలు ఆవిడని బస్సక్క అంటారు. వినీ వినీ వీళ్ళిద్దరికీ అదే అలవాటైపోయింది.

ముగ్గురిదీ ఒకటే పిచ్చి. ఎక్కడో సముద్రాల అవతల పాడే ఒక పేరుమోసిన రాక్ బ్యాండు. వాళ్ళ పాటలున్న ఒకే ఒక్క క్యాసెట్టు, అదీ నకలుకి నకలు, అరిగిపోయేదాకా విన్నారు. మాటలు సగం అర్థమయ్యేవి కావు. అర్థంతో పనేముందని బస్సక్క ఆ శబ్దాలనే బట్టీపట్టి పాడేది. ఒక పాట చివర స్వరం పైపైకి వెళ్ళి అక్కడే నిలిచిపోతుంది. బస్సక్క దాన్ని అందుకుందంటే వాళ్ళు సాధన చేసుకునే గోడౌను రేకులు జల్లుమనేవి.

తర్వాత పెళ్ళిళ్ళు, పిల్లలు, ఉద్యోగాలు. బ్యాండు పోయింది, స్నేహం మిగిలింది. ఆదివారం మధ్యాహ్నాలు పళ్ళాయన గదిలో దవడల మధ్య టీ కప్పులు పెట్టుకుని కూర్చునేవారు. అలాంటి రోజుల్లోనే బస్సక్క గొంతులో కణితి బయటపడింది. ఆపరేషనుతో ప్రాణం దక్కింది గానీ గొంతు దక్కలేదు. మాట్లాడితే గాలే వస్తుంది. అల్లరి పిల్లల్ని అదిలించడానికి మెడలో ఈల వేసుకుని బస్సు నడపసాగింది. దాని గురించి ఎన్నడూ ఏడవలేదు. ఏడుపుకీ గొంతు కావాలిగా అని ఓసారి తనే నవ్వింది. పళ్ళాయన మాత్రం ఆ నవ్వు చూడలేక బల్లమీది దవడలు సర్దుతూ కూర్చున్నాడు.

ఇంతలో ఆ బ్యాండు ఈ ఊరు వస్తోందని తెలిసింది. ఇదే ఆఖరి యాత్ర అట, ఇక పాడరట. ముగ్గురూ ఎగిరి గంతేశారు. అన్నిటికంటే వెనక, అన్నిటికంటే చవక సీట్లు మూడు చాలనుకున్నారు. ఆ చవక కూడా వాళ్ళకి తలకి మించిన బరువే. మెకానిక్కు సెలవు రోజుల్లో కూడా లిఫ్టు గుంటల్లోకి దిగాడు. పళ్ళాయన ఇంట్లో అటకమీదున్న డ్రమ్ములు అమ్మేశాడు. "పోనీలే, దుమ్ము దులిపే పని తప్పింది" అంది ఇల్లాలు. అని, ఆ పూట ఆయన్ని మరి కదిలించలేదు.

టికెట్లు అమ్మే రోజున మెకానిక్కు ఫోను బల్లమీద పెట్టి, ముగ్గురూ తలలు దగ్గరచేర్చి కూర్చున్నారు. ఫోనులో కూడా క్యూ ఉంటుందని పళ్ళాయనకి అప్పుడే తెలిసింది. ఎంతకీ కదలని ఆ క్యూ చివరికి కదిలి, ధర కనబడింది.

"ఇదేంట్రా, నిన్న చెప్పిన ధర ఇది కాదుగా?"

"కొనేవాళ్ళు పెరిగేకొద్దీ ధర పెరుగుతుందట" అన్నాడు మెకానిక్కు.

చూస్తుండగానే అంకె ఇంకాస్త పెరిగింది. మూడు టికెట్ల కోసం కూడబెట్టిన డబ్బు ఒక్కదానికే సరిపోయేలా ఉంది. మెకానిక్కు వేలు గాల్లో ఆగిపోయింది. బస్సక్క ఆ చేతిమీద తట్టింది.

"ఒకటే తీసుకో" అంది గుసగుసగా. "ఎవరన్నది తర్వాత చూద్దాం."

తీసుకున్నాక మగవాళ్ళిద్దరూ ఒక్కసారే ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. వినడానికి ఇద్దరూ వంగారు.

"నేను వెళ్తే వచ్చి మీకెలా చెప్పను? నాలుగు మాటలకే గొంతు పట్టేస్తుంది. వీడి నోట్లోంచి మాట లాగాలంటే స్క్రూడ్రైవరు కావాలి. నువ్వెళ్ళు. నీ నోటికెలాగూ మూత లేదు. అన్నీ చూసొచ్చి చెప్పు."

అలా పళ్ళాయన వెళ్ళాడు. స్టేడియం మెట్లు ఎక్కీ ఎక్కీ మోకాళ్ళు పట్టేశాక ఆయన సీటు వచ్చింది. అక్కణ్ణుంచి వేదికమీది మనుషులు చీమల్లా ఉన్నారు. ముఖాలు కావాలంటే పెద్ద తెరమీద చూడాల్సిందే. లోపల నీళ్ళ సీసా ధర విని దాహం దానంతటదే తీరిపోయింది. అయినా మొదటి దరువు పడగానే అవన్నీ మర్చిపోయి మోకాళ్ళమీద వాయించడం మొదలుపెట్టాడు. ఒకచోట ఆయన చెయ్యి తప్పింది. ఇన్నేళ్ళూ రెండు దెబ్బలనుకున్నచోట అసలు ఉన్నది ఒక్కటే. రెండోది అరిగిన క్యాసెట్టు ఎక్కిళ్ళు! జీవితమంతా ఆ ఎక్కిళ్ళని వాయించామని తెలిసి గట్టిగా నవ్వేశాడు.

తర్వాత ఆ పాట వచ్చింది. గాయకుడు ముసలివాడైపోయాడు. స్వరం పైకి ఎక్కుతూ ఎక్కుతూ సగంలో విరిగింది. ఆయన ఒక్క క్షణం అలాగే నిలబడి, మైకు నోటి దగ్గర్నుంచి తీసి జనం వైపు చాపాడు. అంత జనమూ ఒక్క గొంతై ఆ స్వరాన్ని అందుకున్నారు. పళ్ళాయన కూడా లేచి నిలబడి పాడాడు. కళ్ళవెంట నీళ్ళు ఆగలేదు.

ఆదివారం మధ్యాహ్నమంతా చెప్తూనే ఉన్నాడు. మెట్లు, చీమలు, నీళ్ళ సీసా, ఎక్కిళ్ళు. ఆ పాట దగ్గరికి వచ్చేసరికి బస్సక్క కప్పు కింద పెట్టింది.

"చివరిది... అందుకున్నాడా?"

పళ్ళాయన ఆవిడ మెడచుట్టూ ఉన్న స్కార్ఫు వైపు చూశాడు.

"అందుకున్నాడు. ఎక్కడా వణకలేదు."

ఆవిడ కళ్ళు మూసుకుని తలాడించింది. అంత డబ్బు పోసిన టికెట్టుకి ఆమె వాటాగా ఒక నిండు స్వరమైనా దక్కొద్దా అనుకున్నాడాయన. కానీ అడిగినప్పుడల్లా ఆ ముక్క మళ్ళీ చెప్పాల్సి వచ్చేది. చెప్పిన ప్రతిసారీ నాలుక మందమయ్యేది. చివరికి ఎవరైనా ఆ కచేరీ ఊసెత్తితే మైనం కరిగించే పనిలో పడిపోయేవాడు.

చలికాలం వెళ్ళాక ఒక ఆదివారం మెకానిక్కు ఉత్సాహంగా వచ్చాడు. "ఆ కచేరీ మొత్తం ఎవరో ఫోనులో పెట్టేశారు. ఉత్తినే చూడొచ్చు."

పళ్ళాయన గబగబా ప్లాస్టరు గిన్నె ముందుకి లాక్కున్నాడు. "ఇప్పుడెందుకురా, రేపటికివ్వాల్సిన పళ్ళున్నాయి" అని లేవబోయాడు. బస్సక్క ఆయన చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. ఫోనుని ఒక ప్లాస్టరు దవడకి ఆనించి చూశారు. ఆ పాట వచ్చింది. స్వరం విరిగింది. మైకు జనం వైపు తిరిగింది. మెకానిక్కు పాట ఆపి పళ్ళాయన మొహంలోకి చూశాడు.

"నేను..." అన్నాడు పళ్ళాయన.

"నాకు ఆ రోజే తెలుసు" అంది బస్సక్క. "ఆ వయసులో ఆ స్వరం ఎవరికీ అందదు. పాడినదాన్ని, ఆ మాత్రం తెలీదా?"

"మరి ఊరుకున్నావే?"

"నువ్వు చెప్తుంటే బాగుంది." ఓ గుక్క నీళ్ళు తాగింది. "కానీ నిజం చెప్పి ఉంటే ఇంకా బాగుండేదిరా. గొంతు పోయినవాడు అంతమంది ముందు నిలబడ్డాడని నాక్కదా ముందు తెలియాల్సింది?"

పళ్ళాయన తల దించుకున్నాడు. జాలిపడ్డాననుకున్నాడు గానీ, ఆవిడకి చెందాల్సినదాన్ని తన దగ్గరే అట్టేపెట్టుకున్నానని అప్పుడు అర్థమైంది. బస్సక్కే చెయ్యి చాచి వీడియోని వెనక్కి జరిపింది. మళ్ళీ స్వరం విరిగింది, మళ్ళీ జనం అందుకున్నారు. ఆవిడ తెరకి బాగా దగ్గరగా వంగింది.

"ఇందులో నువ్వున్నావా?"

"ఎక్కడో పైన. ఆ చీకట్లో."

"పాడావా?"

"పాడాను."

"పాపం ఆయన" అంది బస్సక్క. "నీ శ్రుతిని కూడా తట్టుకుని నిలబడ్డాడు."

ముందు నవ్వింది మెకానిక్కు. పళ్ళాయన ప్లాస్టరు అంటిన చేతులతోనే కళ్ళు తుడుచుకుంటే బుగ్గలమీద తెల్లటి చారలు పడ్డాయి. ఇంకా మూడు పాటలున్నాయి. కుర్చీలు దగ్గరికి జరుపుకుని, ముగ్గురూ అవి కూడా విన్నారు.