ఊ కొట్టిన రాజాగారు

2022లో, నార్త్ కరొలైనాలోని క్యారీలో, నేను వాయిస్ థెరపిస్ట్‌గా పనిచేస్తున్న క్లినిక్‌కి ఒక గాయకుడు వచ్చారు. దెబ్బతిన్న గొంతుల చేత మళ్లీ మాట్లాడించడం, పాడించడం నా పని. పేషెంట్ల పేర్లు బయటపెట్టకూడదు కాబట్టి ఆయన్ని రాజాగారు అంటాను. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, పొద్దున్నే అపాయింట్‌మెంట్‌కి ఊదారంగు శాటిన్ కోటుతో, కళ్లకు కాటుకతో దిగారు మరి.

ఎనభైల్లో సింథసైజర్ల హోరుతో న్యూ వేవ్ పాటలు ఊపేస్తున్న రోజుల్లో, ఈయన ఈకల కోటు వేసుకుని టీవీలో కనిపిస్తే కుర్రకారు అలాగే జుట్టు నిలబెట్టుకునేవారట. తర్వాత బ్యాండ్ విడిపోయింది. పెళ్లిళ్లలో, క్యాసినోల్లో పాడుతూ నెట్టుకొచ్చారు. ఇన్నేళ్లకు బ్యాండ్ మళ్లీ కలుస్తుంటే, స్వరతంత్రి మీద పాలిప్, అంటే చిన్న బుడిపె, లేచింది. సర్జరీతో బుడిపె పోయింది కానీ గొంతు రాలేదు.

"నేను పాడలేకపోతే షోకి ఇంకొకణ్ని పెట్టుకుంటారు. నా పాటలు, నా కళ్ల ముందే," అన్నారు.

స్వరతంత్రులు బాగానే ఉన్నాయి. భయంతో మెడ బిగుసుకుపోతోంది, అంతే. హమ్మింగ్, అంటే పెదాలు మూసి మెల్లగా కూనిరాగం, చేయమంటే ఈ మహానుభావుడు చెయ్యి పైకెత్తి స్టేడియం చివరి వరసకు వినిపించేలా అందుకునేవారు. వెంటనే జీర. నాకు ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు విసుగొచ్చి, "ఇవాళ ఎక్సర్‌సైజ్ క్యాన్సిల్. నేను కథ చెప్తాను, మీరు ఊ కొట్టండి," అన్నాను.

"అంటే?"

"మా తెలుగువాళ్ల ఇళ్లలో రూల్. వినేవాళ్లు 'ఊఁ' అంటూ ఉండాలి, లేకపోతే కథ ఆగిపోతుంది. మా అమ్మాయి నిత్య అలాగే పెరిగింది."

నిత్యకు చెప్పే దొంగపిల్లి కథే అందుకున్నాను. పిల్లి పాలకుండలో తల ఇరికించుకునేసరికి రాజాగారు తానొక స్టార్ననే సంగతే మరిచిపోయారు. "ఊఁ... ఊఁ?" జీర లేదు, బిగువు లేదు. నేను ఆపేశాను.

"ఆపారేంటి? పిల్లి ఏమైంది?"

"ఇప్పుడు మీరన్న ఊఁ విన్నారా? అదే మీ గొంతు. పిల్లి సంగతి మీరు స్టేజ్ మీద పాడాక చెప్తాను."

కాటుక చెంపల మీదికి కారింది. ఆ ఊఁని సాగదీసి మాట చేశాం, మాటను సాగదీసి పాట చేశాం.

షోకి నన్నూ నిత్యనూ పిలిచారు. అదే ఈకల కోటు. ఒక్క పాట కూడా తగ్గించుకోలేదు, ఎక్కడా జీర రాలేదు. "అమ్మా, యూ డిడ్ దట్. ఇంత బాగా పాడుతున్నారు," అంది నిత్య. నిజమే, గర్వంగా ఉంది, దాచుకోను. వినిపించాలన్న ఆరాటం వదిలి వినడంలో పడ్డప్పుడే గొంతు వదులవుతుందని ఆ కేసు నాకు నేర్పింది. ఇప్పుడు నా పేషెంట్లందరూ ముందు ఊ కొట్టాల్సిందే.

షో అయ్యాక గ్రీన్‌రూమ్‌లోకి వెళ్లాం. చుట్టూ పూలగుత్తులు, ఫొటోల కోసం జనం. రాజాగారు అందరినీ ఆగమని చెప్పి, నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఇప్పుడు చెప్పండి, పిల్లి ఏమైంది?"

చెప్పాను. చివరిదాకా ఊ కొట్టారు.